నాలుగు యూనిట్ల రక్తం కోసం తిరిగాం, ఒక్కటీ ఎక్కించలేదు: నా లివర్ ఆపరేషన్ అనుభవం

ఆపరేషన్ అయి ఇవాళ్టికి నలభై రెండు రోజులు. నిన్న దీపావళికి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, పిల్లలు కాకరపువ్వొత్తులు వెలిగిస్తుంటే చూస్తూ కూర్చున్నాను. బరువులు ఎత్తకూడదన్నది తప్ప ఇప్పుడు పెద్ద ఇబ్బంది లేదు. ఇంకొన్నాళ్లు పోతే సగం మర్చిపోతానేమోనని, గుర్తున్నవి గుర్తున్నట్టు రాస్తున్నాను.

లివర్ ఆపరేషన్ అని తెలిసిన రోజు నుంచి మా ఇంట్లో అందరి నోటా ఒకటే మాట: రక్తం ఎక్కడ దొరుకుతుంది? నాది ఓ నెగటివ్. డాక్టర్లు మాత్రం మొదటి రోజు నుంచే వేరే ప్రశ్న పట్టుకున్నారు: ఈవిడ రక్తం పోకుండా ఎలా చూడాలి? ఆ తేడా నాకు అర్థం కావడానికి ఐదు వారాలు పట్టింది. అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే ఎన్నో రాత్రులు నిద్రపోయేదాన్ని.

నాకు 43 ఏళ్లు. ఉప్పల్‌లో ఉంటాం. ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. 2023 ఫిబ్రవరిలో పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్, ఆ తర్వాత కీమో అయ్యాయి. రెండేళ్లు బాగానే గడిచాయి. ఈ ఏప్రిల్ చెకప్‌లో సీఈఏ (పేగు క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూసే రక్తపరీక్ష) ఎక్కువ వచ్చింది. సీటీ స్కాన్‌లో లివర్ కుడి భాగంలో రెండు గడ్డలు కనిపించాయి. ఒకటి ఐదున్నర సెంటీమీటర్లు, ఇంకోటి రెండు. మే 5 నుంచి జులై 14 దాకా రెండు వారాలకోసారి, మొత్తం ఆరుసార్లు మళ్లీ కీమో ఇచ్చారు. గడ్డలు చిన్నవయ్యాయి. ఆ రోజుల గురించి ఇక్కడ రాయను, అది వేరే కథ.

ఆగస్టు 4, సోమవారం. లివర్ సర్జన్‌ని కలవడానికి వెళ్లాం. పదకొండింటికి అపాయింట్‌మెంట్, లోపలికి పిలిచేసరికి రెండు దాటింది. సార్ స్కాన్ తెర మీద పెట్టి, లివర్‌ని ఎనిమిది భాగాలుగా లెక్కపెడతారని, నాకు కుడివైపు నాలుగూ తీసేయాలని చెప్పారు. కంప్యూటర్‌లో కొలిస్తే మిగిలేది 38 శాతం. కీమో తీసుకున్న లివర్ కనీసం 30 శాతమైనా మిగలాలట. మిగిలింది కొన్ని వారాల్లోనే పెరుగుతుందన్నారు. నాకు ఆ మాటలేవీ సరిగ్గా ఎక్కలేదు. సగానికి పైగా తీసేస్తారు అన్న దగ్గరే ఆగిపోయాను.

మా ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని యూనిట్లు రెడీ చేసుకోవాలి సార్? ఈమెది ఓ నెగటివ్."

సార్ దానికి జవాబివ్వలేదు. ఫైలు తిరగేసి, "హిమోగ్లోబిన్ 8.4 ఉంది, ఎవరూ పట్టించుకోలేదా?" అన్నారు.

ఆ ప్రశ్న నాకు చురుక్కున తగిలింది. నిజమే, ఎవరూ పట్టించుకోలేదు, అందరికంటే ముందు నేనే పట్టించుకోలేదు. పెళ్లికి ముందు నుంచీ నాకు తొమ్మిది, తొమ్మిదిన్నరే ఉండేది. "ఆడవాళ్లకి అది మామూలేలే" అని మా అమ్మ అనేది. మా అమ్మాయితో నేనూ అదే మాట అన్నాను. ప్రతి నెలా ఏడెనిమిది రోజులు బ్లీడింగ్ అవుతున్నా గర్భసంచిలో చిన్న ఫైబ్రాయిడ్స్ ఉన్నాయని సర్దుకున్నాను. నీరసం వస్తే కీమో వల్ల అనుకున్నాను. ఆ రోజే చేయించిన ఫెరిటిన్ పరీక్షలో 9 వచ్చింది. ఒంట్లో ఐరన్ నిల్వ దాదాపు అయిపోయిందని అర్థం.

సార్ చెప్పింది ఇది. లివర్ కోసేటప్పుడు ఎంత జాగ్రత్తపడ్డా కొంత రక్తం పోతుంది. పన్నెండు ఉన్న మనిషికి అర లీటరు పోతే తట్టుకుంటుంది, ఎనిమిది ఉన్న మనిషికి అదే అర లీటరు పోతే రక్తం ఎక్కించక తప్పదు. ఎక్కించడం అంటే సెలైన్ పెట్టినట్టు కాదు, ఎక్కించిన వాళ్లలో ఇన్‌ఫెక్షన్ల లాంటి ఇబ్బందులు ఎక్కువగా కనిపిస్తాయి, అందుకే తప్పనిసరి అయితేనే ఎక్కిస్తాం అన్నారు. "మీ ఆపరేషన్ ఇవాళే మొదలైంది అనుకోండి. ముందు మీ రక్తం మీ ఒంట్లోనే పెంచుదాం" అని ఐదు వారాల తర్వాత తేదీ ఇచ్చారు: సెప్టెంబర్ 9.

ఐదు వారాలు అనగానే నాకు భయమేసింది. కడుపులో క్యాన్సర్ పెట్టుకుని అన్ని రోజులు ఆగాలా అని ఇంటికి వచ్చి ఏడ్చాను. నిజానికి ఎలాగూ కొంత ఆగాల్సిందే. కీమోతో పాటు నాకు ఇచ్చిన బెవాసిజుమాబ్ అనే మందు రక్తస్రావాన్ని పెంచుతుంది, గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుంది. అది ఆపాక దాదాపు ఆరు వారాలు గడవకుండా పెద్ద ఆపరేషన్ చేయరు. నాకు చివరిసారి ఇచ్చింది జూన్ 30న. ఇంకో మందు ఆక్సాలిప్లాటిన్ లివర్ లోపలి సన్నటి రక్తనాళాలను దెబ్బతీస్తుంది. అలాంటి లివర్ రక్తం పేరుకుని నీలంగా మారుతుందని, కోస్తే మామూలు లివర్ కంటే ఎక్కువ కారుతుందని తర్వాత తెలిసింది. కాబట్టి ఆ విరామం లివర్‌కి కూడా అవసరమే. ఈ సంగతి నాకు చెప్పింది డాక్టర్ కాదు, కీమో వార్డులో నర్సమ్మ. మొదటి రోజే చెప్పి ఉంటే అంత ఏడ్చేదాన్ని కాదు.

ఐరన్ మాత్రలతో ఐదు వారాల్లో పెద్దగా పెరగదని డ్రిప్ పెట్టారు. ఆగస్టు 6న ఒకటి, 13న ఒకటి, ఒక్కొక్కటి 1,000 మిల్లీగ్రాములు. మందు చిక్కటి బ్లాక్ టీ రంగులో ఉంటుంది. ఎక్కడానికి ఇరవై నిమిషాలు, ఆ తర్వాత అరగంట అక్కడే కూర్చోబెట్టి చూస్తారు. సూది దగ్గర మంటగా అనిపిస్తే వెంటనే చెప్పమన్నారు, మందు చర్మం కిందకి కారితే నెలల తరబడి మచ్చ ఉండిపోతుందట. మొదటిసారి ఆ రాత్రి ఒళ్లంతా నొప్పులు, కొద్దిగా జ్వరం వచ్చాయి. పారాసిటమాల్ వేసుకుంటే పొద్దుటికి తగ్గింది. ఒక్కోసారికి అన్నీ కలిపి 6,200 రూపాయలు అయ్యాయి. అడ్మిషన్ లేదు కాబట్టి ఇన్సూరెన్స్ రాదనుకుని మా ఆయన బిల్లు పారేయబోయారు. అడ్మిషన్‌కు ముందు అరవై రోజుల ఖర్చులు మా పాలసీలో వస్తాయని తర్వాత తెలిసింది. బిల్లు, డాక్టర్ చీటీ రెండూ దాచుకోండి.

గైనకాలజిస్ట్ దగ్గరికీ పంపారు. నెలసరిలో పోయే రక్తం తగ్గడానికి మందు ఇచ్చారు. ఒకవైపు డ్రిప్‌లో ఐరన్ పోస్తూ ఇంకోవైపు కారిపోనిస్తే ఏం లాభం అని ఆ మేడమ్ నన్ను గట్టిగానే మందలించారు. ఆగస్టు 28న 10.3, సెప్టెంబర్ 4న 11.2 వచ్చింది. ఆ 11.2 చూసినప్పుడు పదో తరగతి మార్కుల లిస్టు చూసినంత సంతోషం వేసింది. ఒంట్లోనూ తేడా తెలిసింది. రెండో అంతస్తుకి మెట్లెక్కినా ఆయాసం రాలేదు. ఇరవై ఏళ్లుగా నేను ఈ ఆయాసంతోనే బతికానా అని బాధ కలిగింది.

ఇక రక్తం వేట. ఆసుపత్రి బ్లడ్ బ్యాంక్ నాలుగు యూనిట్లు రిజర్వ్ చేయాలంది. పాజిటివ్ గ్రూపులకైతే ఏ గ్రూపు దాత వచ్చినా బదులుగా తీసుకుంటారు, నెగటివ్‌కి మాత్రం అదే గ్రూపు దాతల్ని తెచ్చుకోగలిగితే మంచిదన్నారు. మా బంధువుల్లో ఓ నెగటివ్ ఉన్నది మా తమ్ముడు ఒక్కడే. "నా రక్తం అక్కకే ఎక్కించండి" అని వాడు సూర్యాపేట నుంచి పరుగెత్తుకొచ్చాడు. కానీ సొంత తోబుట్టువుల రక్తం నేరుగా ఎక్కించరట. దగ్గరి రక్తసంబంధీకుల రక్తంలోని తెల్లకణాలను మన శరీరం పరాయివిగా గుర్తుపట్టక, అవే మన మీద దాడి చేసే ప్రమాదం ఉంది. ఎక్కించాలంటే ఆ రక్తానికి రేడియేషన్ ఇవ్వాలి. అందుకని వాడిది బ్యాంక్‌లో తీసుకుని బదులుగా ఇంకొకరిది నాకు పెడతామన్నారు. వాడి ముఖం చిన్నబోయింది. "నువ్విచ్చిన దాని వల్లే కదరా నాకు ఇంకోటి వచ్చింది" అని సర్దిచెప్పాను.

వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్ పెట్టాం. వచ్చిన వాళ్లలో ఒకాయన రెండు నెలల కిందటే రక్తం ఇచ్చాడు, మగవాళ్లకి మూడు నెలలు, ఆడవాళ్లకి నాలుగు నెలలు దాటాలి. ఒకమ్మాయికి హిమోగ్లోబిన్ పదకొండే ఉంది, పన్నెండున్నర ఉంటే గాని తీసుకోరు. ఇంకొకతను కొత్తగా టాటూ వేయించుకున్నాడు. ఒక నంబర్ నుంచి ఫోన్ చేసి యూనిట్‌కి ఎనిమిది వేలు ఇస్తే మనిషిని పంపిస్తానన్నాడు. డబ్బుకు రక్తం అమ్మడం మన దేశంలో 1998 జనవరి 1 నుంచి నిషేధం. ఆ రోజు మా ఆయన ఉన్న టెన్షన్‌లో ఒక్క క్షణం ఊగిసలాడారని నాకు తర్వాత చెప్పారు. దయచేసి అలాంటి వాళ్ల జోలికి పోకండి. ఏ రోగం ఉందో దాచిపెట్టి ఇచ్చే రక్తం అది. ఏ బ్లడ్ బ్యాంక్‌లో ఏ గ్రూపు ఎంత ఉందో ఈ-రక్తకోశ్ వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది. మేము దాన్ని చూసే ఫోన్లు చేశాం. అయినా ఫోన్ చేసి రూఢి చేసుకోకుండా బయల్దేరొద్దు.

ఆగస్టు 30న మత్తు డాక్టర్ దగ్గర చెకప్. ఆ మేడమ్ దాదాపు నలభై నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడారు. నేను వేసుకునే ప్రతి మందూ అడిగారు. నడుం నొప్పికి అప్పుడప్పుడూ డైక్లోఫెనాక్ వేసుకుంటానని, మా వదిన ఇచ్చిన వెల్లుల్లి మాత్రలు, చేపనూనె మాత్రలు వాడుతున్నానని చెబితే, అన్నీ ఆ రోజు నుంచే ఆపేయమన్నారు. రక్తం గడ్డకట్టడాన్ని అవి కొంచెం కొంచెంగా తగ్గిస్తాయట. వెల్లుల్లి మాత్రని మందుగా లెక్కపెట్టాలని నాకు తోచనే లేదు. అడగకపోతే చెప్పేదాన్ని కాదు.

తర్వాత నా ప్రశ్నలు. యూట్యూబ్‌లో చూసి భయపడి రాసుకున్నవి పదకొండు ఉన్నాయి. లివర్ కోస్తే రక్తం ఎందుకంత పోతుంది? దానికి ఆవిడ చెప్పింది విని నాకు మా నాన్న గుర్తొచ్చాడు. మా నాన్న మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాల్వ కింద వ్యవసాయం చేసేవాడు. కాల్వకి గండి పడితే మట్టి బస్తాలు వేసే ముందు పైన తూము షట్టర్ దించమని మనిషిని పరుగెత్తించేవారు. లివర్ కోసేటప్పుడు చేసేది సరిగ్గా అదే. లివర్‌కి రక్తం రెండు దారుల్లో వస్తుంది. ముప్పావు భాగం పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర ద్వారా, పావు భాగం ధమని ద్వారా. ఆ రెండూ ఒకే కట్టలో కలిసి లివర్‌లోకి వెళ్తాయి. ఆ కట్ట చుట్టూ ఒక టేపు వేసి బిగిస్తే రాక ఆగిపోతుంది. పదిహేను నిమిషాలు బిగించి కోస్తారు, ఐదు నిమిషాలు వదిలి లివర్‌ని ఊపిరి పీల్చుకోనిస్తారు, మళ్లీ బిగిస్తారు. గ్లాస్గోలో ప్రింగిల్ అనే సర్జన్ 1908లో ప్రమాదాల్లో లివర్ చీలిన వాళ్ల కోసం రాసిన పద్ధతి ఇది, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

కానీ పైన తూము దించినా కింద చెరువు నిండుగా ఉంటే నీళ్లు ఎదురుతన్ని గండిలోకి వస్తాయి కదా. లివర్ వెనక గుండెకి వెళ్లే పెద్ద సిర ఉంది. దానిలో ఒత్తిడి ఎక్కువుంటే కోసిన చోట వెనక నుంచి రక్తం పొంగుతుంది. ఆ ఒత్తిడిని ఐదు లోపు ఉంచడం మత్తు డాక్టర్ పని. "అందుకే కోత పూర్తయ్యేదాకా సెలైన్ బాగా తక్కువ ఇస్తాను అమ్మా. మిమ్మల్ని కాసేపు ఎండగట్టి ఉంచుతాం. కోయడం అయిపోయాక అంతా తిరిగి పోస్తాం" అన్నారు. మరీ తగ్గితే తెగిన సిర గాలిని లోపలికి లాగే ప్రమాదం ఉంటుంది, కిడ్నీలకీ మంచిది కాదు. కాబట్టి ఆపరేషన్ సాగినంతసేపూ ఆవిడ కళ్లు ఆ అంకె మీదే ఉంటాయట. రక్తం ఆపడంలో సర్జన్ చేతులకెంత పాత్ర ఉందో మత్తు డాక్టర్‌కీ అంతే ఉందని నాకు ఆ రోజు దాకా తెలియదు. మత్తిచ్చి పక్కన కూర్చుంటారనుకునేదాన్ని.

ఇంకో ప్రశ్న అడిగాను. నెలసరి బ్లీడింగ్‌కి మా స్కూల్ టీచర్లు చాలామంది వాడే ట్రానెక్సమిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఆపరేషన్‌లో ఇవ్వరా అని. ఎన్నో ఆపరేషన్లలో అది పనిచేస్తుంది గానీ, లివర్ ఆపరేషన్ల మీద చేసిన పెద్ద పరిశోధన 2024లో వచ్చిందని, అందులో రక్తస్రావం తగ్గలేదు సరికదా ఇబ్బందులు పెరిగాయని, అందుకే మామూలుగా ఇవ్వనని చెప్పారు. పోయిన రక్తాన్ని పోగుచేసి కడిగి తిరిగి ఎక్కించే మెషీన్ కూడా ఉంది, క్యాన్సర్ కణాలు కలుస్తాయేమోనన్న అనుమానంతో నాకు వాడబోమన్నారు.

సెప్టెంబర్ 6 శనివారం నిమజ్జనం, రోడ్లన్నీ బంద్. 7 ఆదివారం రాత్రి చంద్రగ్రహణం. మా అత్తమ్మ పట్టుబట్టింది, "గ్రహణం విడిచినంక తలస్నానం చేసి పో బిడ్డా, ఒక్కపూట ఆగితే ఏం పోదు" అని. అడ్మిషన్ 8వ తేదీ పొద్దున్నే కాబట్టి ఆ కోరిక తీరింది. తెల్లవారుజామున తలస్నానం చేసి, దేవుడికి దీపం పెట్టి ఆటోలో బయల్దేరాను. ఆమె మనసు కుదుటపడితే నా మనసూ కుదుటపడింది.

అడ్మిషన్ కౌంటర్‌లో ఇన్సూరెన్స్ అప్రూవల్‌కి ఐదు గంటలు పట్టింది. అసలు దెబ్బ సాయంత్రం ఆరింటికి తగిలింది. మా ఆయన ఎందుకో అనుమానమొచ్చి బ్లడ్ బ్యాంక్‌కి వెళ్లి అడిగితే, మాకు పెట్టిన నాలుగులో ఒకటి మధ్యాహ్నం కాన్పులో బాగా రక్తం పోతున్న ఒకామెకి ఇచ్చేశామన్నారు. మాకు ఎవరూ ఫోన్ చేయలేదు. నాలుగూ ఉంటే గాని మొదలుపెట్టనని మత్తు డాక్టర్ అంతకుముందే చెప్పారు. కోపం వచ్చింది. ఆ తల్లి సంగతి విన్నాక ఆ కోపం నిలవలేదు, కానీ మాకు చెప్పకపోవడం మాత్రం తప్పే. మీరు రిజర్వ్ చేయించినా ముందురోజు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లి కళ్లారా చూసుకోండి.

మా తమ్ముడు మళ్లీ ఫోన్లు మొదలుపెట్టాడు. రాత్రి ఎనిమిదిన్నరకి కూకట్‌పల్లి హాస్టల్లో ఉండే ఒక అబ్బాయి మెట్రో దిగి వచ్చాడు. ఇరవై నాలుగేళ్లుంటాయేమో. ఇంటర్వ్యూలకి తిరుగుతున్నాడట. రక్తం ఇచ్చి, బిస్కెట్లు తిని, ఆటో డబ్బులు కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు. అప్పుడే తీసిన రక్తం అప్పుడే వాడరు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, మలేరియా, సిఫిలిస్ పరీక్షలు అయ్యాకే బయటికి వస్తుంది. ఆ ప్యాకెట్ సిద్ధమయ్యేసరికి తెల్లారి నాలుగైంది. ఆ రాత్రి నేను పడుకున్నానని మా ఆయన అనుకున్నారు, ఆయన పడుకున్నారని నేను అనుకున్నాను.

9వ తేదీ ఉదయం ఐదున్నరకి ఒక గ్లాసు తియ్యటి నీళ్లు తాగమన్నారు. రాత్రి నుంచి చుక్క నీళ్లు ముట్టకూడదనుకున్నాను, కానీ మత్తుకి రెండు గంటల ముందు వరకూ పలచటి ద్రవాలు తాగొచ్చట. ఏడున్నరకి తీసుకెళ్లారు. థియేటర్ చాలా చల్లగా ఉంది, కానీ మీద వేడిగాలి దుప్పటి కప్పారు. ఒళ్లు చల్లబడితే రక్తం సరిగ్గా గడ్డకట్టదని అక్కడి అమ్మాయి చెప్పింది. ఇంత చిన్న విషయంలో కూడా నా రక్తం గురించే ఆలోచిస్తున్నారని ఆ క్షణంలో ధైర్యం వచ్చింది. మత్తు మేడమ్ నా చెయ్యి పట్టుకుని, "స్కూల్లో ఏ పాఠం చెబుతున్నారు?" అని అడిగారు. పోతన పద్యం మొదలుపెట్టాను. రెండో పాదం గుర్తులేదు.

బయట వాళ్ల పరిస్థితి వాళ్లు చెబితేనే తెలిసింది. తొమ్మిదిన్నరకి "మొదలైంది" అని మెసేజ్. ఆ తర్వాత మూడు గంటలు ఏమీ లేదు. బ్లడ్ బ్యాంక్ డబ్బా పట్టుకుని ఎవరు థియేటర్ వైపు వెళ్లినా మా ఆయన లేచి నిలబడేవారట. ఆ డబ్బాలు వేరే వాళ్లవి. నాలుగింటికి సార్ బయటికి వచ్చి, "అయిపోయింది, రక్తం ఎక్కించలేదు" అన్నారట. మా తమ్ముడు అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

డిశ్చార్జ్ తర్వాత ఆపరేషన్ నోట్స్ కాపీ అడిగి తీసుకున్నాను, మీరూ అడగండి. పోయిన రక్తం 450 మిల్లీలీటర్లు. టేపు నాలుగుసార్లు బిగించారు, మొత్తం 54 నిమిషాలు. లివర్ కొంచెం నీలంగా ఉందని రాశారు. ముందు లివర్ మీదే అల్ట్రాసౌండ్ పెట్టి పెద్ద సిరలు ఎక్కడున్నాయో గీత గీసుకున్నారు. కుడి భాగానికి వెళ్లే నాళాలను ముందే కట్టేశారు. కోయడానికి క్యూసా అనే పరికరం వాడారు. అది ధ్వని తరంగాలతో మెత్తటి లివర్‌ని పొడిపొడి చేసి పీల్చేస్తుంది, గట్టిగా ఉండే రక్తనాళాలు తెగకుండా బయటపడతాయి. అప్పుడు ఒక్కొక్కదాన్ని కట్టి, క్లిప్ వేసి కోస్తారు. చదువుతుంటే మా అమ్మ చేపలో ముళ్లు ఏరే తీరు గుర్తొచ్చింది, అంత ఓపిక.

ఐసీయూలో రెండు రాత్రులు. నొప్పికి బటన్ నొక్కితే మందు వచ్చే పంపు ఇచ్చారు. నొప్పి కంటే దాహమే ఎక్కువ బాధపెట్టింది. ఎండగట్టడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. తడి దూదితో పెదాలు తుడిచిన నర్సమ్మ ముఖం నాకు ఎప్పటికీ గుర్తుంటుంది. పరీక్షల కోసం రోజుకి మూడుసార్లు రక్తం తీస్తుంటే సార్ వచ్చి, చిన్న ట్యూబుల్లో, రోజుకి ఒక్కసారే తీయమన్నారు. మర్నాడు హిమోగ్లోబిన్ 9.6. ముందు 8.4తోనే వెళ్లి ఉంటే ఎక్కడికి పడిపోయేదో లెక్క వేసుకోండి.

మూడో రోజు కళ్లు పచ్చబడ్డాయి. బిలిరుబిన్ (కామెర్ల లెక్క) 3.4, ఐఎన్ఆర్ (పెరిగితే రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతోందని చెప్పే లెక్క) 1.8. రక్తం గడ్డకట్టడం తగ్గింది కదా, ప్లాస్మా ఎక్కించండి అని మా ఆయన బతిమాలారు. ఎక్కడా కారడం లేనప్పుడు అంకె కోసం ఎక్కించనన్నారు సార్. మిగిలిన చిన్న లివర్ పని అందుకోవడానికి టైం పడుతుంది, ఐదో రోజు లెక్క ముఖ్యం అన్నారు. ఆ రెండు రోజులు మాత్రం ఘోరంగా గడిచాయి. 14వ తేదీన బిలిరుబిన్ 1.9కి, ఐఎన్ఆర్ 1.3కి తగ్గాయి. రిపోర్ట్ ఫోన్‌లో చూసి మా ఆయన నాకు చూపించకుండా ముందు బాత్‌రూమ్‌లోకి వెళ్లారు. బయటికి వచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఇంకో ఆశ్చర్యం. రక్తం పోకుండా ఇంత చేసిన వాళ్లే, తర్వాత రక్తం పలచబడే ఇంజెక్షన్ పొట్టకి ఇవ్వడం మొదలుపెట్టారు. పెద్ద ఆపరేషన్ తర్వాత కాళ్ల సిరల్లో రక్తం గడ్డలు కట్టకుండా అన్నమాట. ఇంటికి వచ్చాక కూడా, మొత్తం నాలుగు వారాలు. మా ఆయనే నేర్చుకుని వేశారు. పొట్టంతా నీలం మచ్చలు పడ్డాయి, అవి పోయాయి.

17న డిశ్చార్జ్. బిల్లు 7 లక్షల 38 వేలు. కంపెనీ ఇన్సూరెన్స్ 5 లక్షల 92 వేలు ఇచ్చింది. మిగతా 1 లక్షా 46 వేలు మేము కట్టాం. అందులో ఎక్కువ భాగం కన్స్యూమబుల్స్ (ఒక్కసారి వాడి పారేసే సామాన్లు) అని ఇన్సూరెన్స్ వాళ్లు కోత పెట్టినవే. రక్తనాళాలు మూసే స్టేప్లర్ గుళికలు, కోసిన చోట పూసే జిగురు, ఇలాంటివి. రక్తం పోకుండా ఆపినవే ఇవి, వాటికే డబ్బు రాలేదు. అంచనా ఇచ్చినప్పుడే వీటి విలువ విడిగా రాయించుకుని ఇన్సూరెన్స్ వాళ్లని అడగండి. వాడని రక్తానికి క్రాస్‌మ్యాచ్ (నా రక్తానికి సరిపోతుందో లేదో చూసే పరీక్ష) ఛార్జీలు మాత్రమే పడ్డాయి.

22న బయాప్సీ రిపోర్ట్ వచ్చింది. తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ లేదు. 30న సద్దుల బతుకమ్మకి అపార్ట్‌మెంట్ కింద కుర్చీలో కూర్చున్నాను, ఆడకపోయినా పాట అందుకున్నాను. మా అమ్మాయికి రక్తపరీక్ష చేయించాం, 9.1 వచ్చింది. పదహారేళ్ల పిల్ల. ఇప్పుడు మాత్రలు వాడుతోంది, నెలనెలా నేనే తీసుకెళ్తున్నాను.

మొన్న ఆ కూకట్‌పల్లి అబ్బాయి ఫోన్ చేశాడు. ఉద్యోగం వచ్చిందట. "ఆంటీ, నా రక్తం మీకు పనికొచ్చిందా?" అని అడిగాడు. ఎక్కించలేదు నాన్నా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు, కనుక్కుని చెబుతానన్నాను. బ్లడ్ బ్యాంక్‌కి ఫోన్ చేస్తే, ఆ యూనిట్ సెప్టెంబర్ చివర్లో తలసేమియా ఉన్న ఒక పిల్లాడికి ఇచ్చామన్నారు, పేరు చెప్పరు. అబ్బాయికి అదే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే డిసెంబర్ 8కి మూడు నెలలవుతుంది ఆంటీ, మళ్లీ వస్తా" అన్నాడు. మా ఆయన గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ గీత గీసి పెట్టారు. ఆయనది బి పాజిటివ్. ఆ రోజు ఇద్దరూ కలిసి వెళ్తారట.